సగటున గురువారం

పులివెందుల దిక్కున ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పేరు చెబితే బస్సులో పక్క సీటువాడు మాట ఆపేసి కిటికీలోంచి బయటికి చూసేవాడు. అట్లాంటి మనిషి ముందర నిలబడి, ఆయన అడిగిన కాగితాలు ఇవ్వనని చెప్పి, ఆయన చూస్తుండగానే వాటిని నిలువునా చించి జేబులో వేసుకొని వచ్చిన మగోణ్ణి నేను. ఆ కాగితాలు నా పీహెచ్‌డీ పరిశోధన. నాలుగు నెలల కష్టం.

ప్రొద్దుటూరులో నా దగ్గర కామర్స్ చదివిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఏటా కొత్త బ్యాచ్ రాగానే మొదటి వారంలోనే చెప్పేవాణ్ణి. ఏటికేడు నా చుట్టూ నిలబడ్డ మనుషులు ఎక్కువయ్యేవాళ్లు, వాళ్ల చేతుల్లో కొడవళ్లు పొడుగయ్యేవి. నేను రిటైరయ్యే ఏడాదికి రెండు జీపులు కూడా వచ్చి చేరినాయి.

ఇప్పుడు మా పాత విద్యార్థులు, పరిశోధన చేస్తున్న పిల్లలకు పనికొస్తుంది, మీ పీహెచ్‌డీ రోజుల గురించి రాసివ్వండి సార్ అని అడిగినారు. రాయడానికి కూర్చుంటే తెలిసింది, క్లాసులో నోటితో నిలబెట్టినదంతా కాగితం మీద నిలబడదని. అందుకని మొదటినుంచి చెప్తా. చించిన చోటు వచ్చినప్పుడు మీరే చూడండి.

మీరు ఇప్పుడు సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. దానికి విడిగా డిగ్రీలు, సీట్లు, ఉద్యోగాలు. అప్పట్లో ఆ పేరు మా దాకా రాలేదు. నేను ఎత్తుకున్న విషయం చీనీకాయల పంపిణీ, కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అవి. పులివెందుల తోటలో కోసిన కాయ మద్రాసులో రసం అంగడికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, యాడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది. ఇంతే. నా వీడ్కోలు సభలో 'రాయలసీమలో సప్లై చైన్ మీద మొదటి డాక్టరేట్ నాదే' అని చెప్పుకున్నా. చప్పట్లు కూడా కొట్టినారు. అనంతపురంలో ఒకాయన నాకంటే ముందే శెనక్కాయల మీద చేసి ఉన్నాడు. ఆయన ఆ సభకు రాలేదు కాబట్టి సరిపోయింది.

అప్పట్లో మేముండేది జమ్మలమడుగులో. మా ఆమె అక్కడ మిషన్ బడిలో టీచరు. నేను రోజూ బస్సులో ప్రొద్దుటూరు కాలేజీకి పోయి వచ్చేవాణ్ణి. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకొని, ఏళ్లు గడిచి, రెండుసార్లు గడువు పొడిగించుకున్నా. మా స్టాఫ్ రూములో ఎకనామిక్స్ ఆయన ఒకడు ఉండేవాడు. ఆయనా ఒకప్పుడు పీహెచ్‌డీకి చేరి మధ్యలో వదిలేసినవాడే. రోజూ నన్ను చూడగానే ఒకటే మాట.

"ఏం డాక్టరూ, ఆపరేషన్ యాడికొచ్చింది? పేషెంటు బతికుండాడా?"

"ఊపిరి ఆడతాంది లేప్పా."

"నాది చేరిన ఏడే చచ్చిపాయ. సుఖంగా ఉండా."

నవ్వుకునేవాళ్లం. ఆ ఏడాది యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చినాక మాత్రం నవ్వు రాలేదు. ఇదే ఆఖరి పొడిగింపు, ఏడాది చివరికి సమర్పించకపోతే పేరు కొట్టేస్తామని. పేరు కొట్టేస్తే రీడర్ పోస్టు నా వెనకాల చేరినవాడికి పోతుంది. నేను లెక్చరర్‌గానే రిటైరై, ఎకనామిక్స్ ఆయన పక్కన కూర్చొని పక్కోళ్ల పేషెంట్ల గురించి అడుగుతా బతకాల.

నా గైడు కోస్తా నుంచి వచ్చిన ప్రొఫెసరు. మంచి మనిషి. ఎవరినీ నువ్వు అని ఎరగడు. ప్రశ్నల పట్టిక తీసుకొని పోతే, మందంగా ఉన్న ఒక విదేశీ పుస్తకం తెరిచి నాలుగు ప్రశ్నలు కలిపినాడు.

"సరుకు ఏ రోజు బయల్దేరుతుంది, ఎన్ని గంటలకి, ఏ దారిన వెళ్తుంది, బండిలో ఎంతమంది ఉంటారు. ఇవి సూటిగా అడగాలండి. ఇవి లేకపోతే థీసిస్సే లేదండి."

ఆయనకు మా దిక్కు సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ తలాడించి రాసుకొచ్చినా. ఆ తప్పు ఆయన మీద వేయను.

నేను ఎంచుకున్నవి రెండు ఊళ్లు. మధ్యలో ఒక వంక, వానలకు మాత్రమే పారే ఏరు. ఈపక్క ఊరు ఒక పార్టీ, ఆపక్క ఊరు ఇంకో పార్టీ. రెండు ఊళ్లలోనూ చీనీతోటలే, రెండింటికీ ఒక్కో లారీ. ఈ ఊరి లారీ ఆ ఊరి మీదుగా పోదు, చుట్టు తిరిగైనా వేరే దోవన పోతుంది. ఇంకో సంగతి ఉంది. కేసుల్లో ఉన్నవాళ్లు కోర్టు వాయిదాకు పోవాలంటే బస్సును ఆపుతారని భయం, జీపును దూరం నుంచే గుర్తుపడతారని భయం. అందుకని చీనీ లారీ మీద, గడ్డి పరిచి పోసిన కాయల పైన టార్పాలిన్ కప్పి, దాని మీద కూర్చొని పోయేవాళ్లు. కాబట్టి లారీ ఏ రోజు, ఏ గంటకు, ఏ దోవన, ఎంతమందితో పోతుందని మా దిక్కున అడిగేవాడు దారి కాసేవాడు మాత్రమే. నేను దానికి వరస నంబర్లు వేసి, సైక్లోస్టైల్ తీయించి, రెండు ఊళ్లలోనూ ఇంటింటికీ తిరిగి అడిగినా.

నాలుగు నెలలు, శనాదివారాలు. ఆదివారం చర్చిలో ఆరాధన ఎగ్గొడుతున్నానని మా ఆమె సణిగేది. రైతులు మాత్రం ఏం మర్యాద. మంచం వాల్చి కూర్చోబెట్టేవాళ్లు. సంగటి, దాంట్లోకి చెనిగిత్తనాలు వేసి నూరిన ఊరిబిండి పెట్టేవాళ్లు. ఏ ప్రశ్న అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు. అంత తడుముకోకుండా చెప్పినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నేను పెద్ద పరిశోధకుణ్ణి, నా ముఖం చూసి చెప్తున్నారనుకున్నా.

ఆపక్క ఊరి లారీ తోలే డ్రైవరు మా వీధిలోనే ఉండేవాడు, ముస్లిం. ఆయన కూతురు మా ఆమె దగ్గర చదువుకునేది. ఆయనకూ ఒక కాగితం ఇచ్చినా.

"నాకు రాయను రాదు సార్. మా పాపతో రాయిచ్చి అమ్మగారికి ఇస్తాలే," అన్నాడు.

పోయేముందు ఇంకో మాట కూడా అన్నాడు, వచ్చే వారం వాయిదా ఉంది, ఊరోళ్లు పైన కూచ్చోని వస్తారు, బండి తోలాలంటే గుండె పీచుపీచు అంటాంది సార్, అని. ఏ రోజో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కాగితంలో రాస్తాడు కదా అనుకున్నా. తర్వాత ఆ కాగితం వచ్చిందా లేదా అని కూడా చూసుకోలేదు. పంచకముందే కాగితాలకు నంబర్లు వేసి, తిరిగొచ్చినాక ఊరివారీగా దారంతో కట్టలు కట్టేది మా ఆమె పని. లెక్కలు కట్టేది నా పని.

ఆ లెక్క ఎట్లా కట్టినానో చెప్తా, సిగ్గు విడిచి. ఆపక్క ఊరి లారీకి కాయలు ఎత్తే తోటలు ఆరు. లారీ ఏ రోజు పోతుందంటే ఆరుగురు రైతులు ఆరు రోజులు చెప్పినారు. సోమ, మంగళ, బుధ, శుక్ర, శని, ఆది. లారీ ఒకటే. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగి తల గోక్కుంటాడు. నేను సోమవారానికి ఒకటి, మంగళవారానికి రెండు, అట్లా ఆదివారానికి ఏడు వేసి, కూడి, ఆరుతో భాగించినా. నాలుగు వచ్చింది. కట్ట పైన పెన్సిల్‌తో రాసినా, 'సగటు: గురువారం' అని. ఎవరూ చెప్పని రోజు. గైడుకు చూపిస్తే, చక్కగా ఉందండి అన్నాడు. ఇద్దరం చదువుకున్నవాళ్లమే.

ఇంక ఆ రోజు.

ఎండలు మొదలైన కాలం, ఒక శనివారం. ఈపక్క ఊళ్లో ఒక్క తోట మిగిలింది. అది పూర్తి చేసుకొని, అట్నుంచి అటే పులివెందుల పోయి యూనివర్సిటీకి బస్సెక్కుదామని, కాగితాలన్నీ ఒకే సంచిలో వేసుకొని బయల్దేరినా. ఆపక్క ఊరి కట్టను సంచిలో పెట్టుకొని ఈపక్క ఊళ్లో అడుగుపెట్టినా. ఒక బస్సు చార్జీ కలిసొస్తుందని చేసిన పని. ఫ్యాక్షన్ ఊళ్ల మధ్య పుట్టి పెరిగి కూడా ఇట్లాంటి పని చేయాలంటే పీహెచ్‌డీ చేస్తా ఉండాల్సిందే.

తోట దగ్గర పని ముగిసింది. బస్సు స్టేజీ దిక్కు నడుస్తుంటే సైకిలు మీద ఒకడు ఎదురొచ్చి దిగినాడు.

"పెద్దాయన రమ్మంటాండాడు సార్."

"బస్సుకు టైమైతాందప్పా."

"బస్సు పోతే ఇంగోటొస్తాది. నువ్వు రా."

పెద్దాయన ఇంటి పంచలో మంచం మీద కూర్చొని చీనీకాయ ఒలుచుకుంటున్నాడు. నేను క్లాసులో చెప్పినంతమంది లేరు. ముగ్గురున్నారు. అందులో ఒక ముసలాయన చేటలో శెనక్కాయలు వలుస్తున్నాడు. కొడవళ్లు గోడకు ఆనించి ఉండినాయి, అవి గడ్డి కోసేవో ఏమో నేను అడగలేదు. జీపులు లేవు. ఆ సైకిలొకటి.

"కూచ్చో సార్. నీళ్లు తాగు. ఏం చదువుతాండావంట?"

"పీహెచ్‌డీ అప్పా. చీనీకాయల మీద."

"ఈ వయసులోనా? ఇంట్లో ఆడమనిషి ఏమనదా?"

ఆ ముగ్గురూ నవ్వినారు. నేనూ నవ్వినా. సంచి మాత్రం ఒళ్లోకి లాక్కున్నా.

"వంక అవతల కూడా తిరిగినావంట కదా. వాళ్ల లారీ సంగతి అడిగినావంట."

ఇక్కడే నేను కాగితాలు చించినానని చెప్పేది. చించలేదు. ఆయన ఇవ్వమని నోరు తెరిచి అడగను కూడా లేదు. ఆయన మాట పూర్తయ్యేలోపే నా చేతులు సంచి ముడి విప్పుతున్నాయి. రెండు కట్టలుంటే ఏది ఏ ఊరిదో ఆయన వెతుక్కోవాలేమోనని, అవతల ఊరిది నేనే పైకి తీసి, దుమ్ము తుడిచి, మంచం మీద పెట్టినా. ఇన్నేళ్లు అబద్ధం చెప్పింది ఈ దుమ్ము తుడిచిన సంగతి దాచడానికే.

పెట్టినాక గుర్తొచ్చింది, ఆ లారీ తోలేది మా వీధి మనిషి. వచ్చే వారం దాని మీద ఎంతమందో కూర్చొని రాబోతున్నారు. వాళ్లు ఏ రోజు, ఏ గంటకు, ఏ దోవన వస్తారో నా చేతులతో తెచ్చి, వాళ్లకోసం కాచుకొని ఉన్న ఇంట్లో పెట్టినా. చీనీకాయ వాసన పంచ నిండా ఉంది. ఈరోజుకూ ఎవరైనా చీనీకాయ ఒలిస్తే నేను లేచి బయటికి పోతా.

పెద్దాయన తన మేనల్లుణ్ణి పిలిచి చదవమన్నాడు. వాడు వచ్చి నన్ను చూసి పలకరించినాడు.

"బాగుండారా సార్? గుర్తుపట్టినారా? నన్ను అకౌంట్సులో తప్పిచ్చింది మీరే."

ఇంక నా పని అయిపోయిందనుకున్నా.

"ముందర మన ఊరిది చదువు," అన్నాడు పెద్దాయన. మనవాళ్లు ఏం చెప్పినారో చూస్తామని కాబోలు.

మేనల్లుడు మొదటి కాగితం తీసినాడు. "మన లారీ సోమారం పొద్దున ముద్దనూరు మీద పోతాదంట మామా. ఇద్దరే ఉంటారంట."

పెద్దాయన ఒలవడం ఆపినాడు. "ముద్దనూరు మీద ఎప్పుడు పాయె మన బండి? ఎవురు చెప్పింది ఇది?"

చేట ముందర కూర్చున్న ముసలాయన తల ఎత్తకుండా, "నేనే," అన్నాడు.

"ఎందుకు చెప్తివి అట్ల?"

"ఇంగెట్ల చెప్పాల? కొత్త మనిషి సంచి తగిలిచ్చుకోని వచ్చి, లారీ ఎప్పుడు పోతాది, యా దోవన పోతాది అంటే నిజం చెప్తామా? సంగటి పెట్టి పంపిచ్చినా. అది సాలదా?"

పెద్దాయన నా దిక్కు చూసినాడు. తర్వాత వరసగా అన్నీ చదివించుకున్నాడు. ఒకడు తన తోటకు లారీనే రాదన్నాడు. ఒకడు కాయలు రైల్లో పోతాయన్నాడు, దగ్గర్లో రైలు లేదు. ఒక్కో కాగితానికీ పంచలో నవ్వు పెరుగుతా పోయింది. నాలుగు నెలలు నేను ఎండలో తిరిగి మోసుకొచ్చింది ఒట్టి అబద్ధాలని నాకు అప్పుడు తెలిసింది. అవతల ఊరోళ్లు కూడా ఇట్లే చెప్పి ఉంటారని దాని వెనకాలే తోచి, గుండె బరువు కొంచెం దిగింది.

"ఇంగ వాళ్లది చదువు," అన్నాడు పెద్దాయన.

మేనల్లుడు లారీకి కాయలు ఎత్తే ఆరు తోటల కాగితాలూ ఏరి చదివినాడు. ఆరు రోజులు, ఆరు గంటలు, నాలుగు దోవలు.

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి. "సార్, వీళ్లు నీకు వారం చెప్పినారు, లారీ చెప్పలే. వారంలో కూడా ఒక దినం మరిచిపోయినారు."

"పైన పెన్సిల్‌తో ఏందో రాసినాడు మామా. సగటు, గురువారం అని."

"అదేంది? గురువారం ఎవురు చెప్పిరి?"

చెప్పక తప్పదు కదా. సోమవారానికి ఒకటి, మంగళవారానికి రెండు అని మొదలుపెట్టి లెక్క అంతా వివరించినా. మా కాలేజీలో కూడా అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. మేనల్లుడు వేళ్లమీద కూడి చూసి, "లెక్క కరెక్టే మామా," అన్నాడు.

"ఆరుమంది ఆరు అబద్ధాలు చెప్తే, కలిపి భాగిస్తే నిజం వస్తాదా సార్? దీనికి డాక్టర్ పట్టా ఇస్తారా?" పెద్దాయన రెండు కట్టలూ నా సంచిలో తనే పెట్టినాడు. "పో నాయనా, బస్సుకు పో. ఇది మాకూ పనికిరాదు, నీకూ పనికిరాదు."

నేను పోతా ఉంటే ఒక సంచి చీనీకాయలు కూడా ఇప్పించినాడు. స్టేజీ దాకా ఎట్లా నడిచినానో తెలియదు. అక్కడ కుళాయి దగ్గర కూర్చొని కడుపు నిండా నీళ్లు తాగి, నాకు అబద్ధం చెప్పిన ప్రతి రైతునూ మనసులోనే తలుచుకొని దండం పెట్టినా. పరిశోధన పోయింది, గడువు దగ్గరికొచ్చింది, అయినా ఒళ్లంతా తేలిగ్గా ఉండింది. ఆ మరుసటి వారం మా వీధి డ్రైవరు బండి తోలుకొని క్షేమంగా తిరిగొచ్చి, మా గడప దగ్గర నిలబడి బీడీ కాల్చుకుంటుంటే చూసి, వారం తర్వాత మొదటిసారి అన్నం రుచి తెలిసింది.

యూనివర్సిటీకి పోయి గైడు ముందర అంతా చెప్పినా. ఆయన తన విదేశీ పుస్తకం మూసి పక్కన పెట్టినాడు.

"అయితే ఒక్కరూ నిజం చెప్పలేదంటారాండీ?"

"ఒక్కరూ చెప్పలేదు సార్."

"మరి మద్రాసు పంపే మండీవాడికైనా చెప్తారా, లారీ ఎప్పుడొస్తుందో?"

నాకు తెలియదు. పోయి కనుక్కున్నా. వాళ్లకూ చెప్పరు. లారీ హారన్ వినపడినాకే మండీ గేటు తీస్తారు. ఏ రోజు వస్తుందో తెలియదు కాబట్టి హమాలీలు వారమంతా కాచుకొని కూర్చుంటారు, ముందే వచ్చిన కాయ మెత్తబడుతుంది. భయం ఒక్కటే ఈ గొలుసులో ఎన్నిచోట్ల సరుకును ఆపుతుందో అదే రాసుకొచ్చినా. గడువుకు పదిరోజుల ముందర సమర్పించినా. వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు, ఈ జవాబులు నమ్మదగినవేనా అని అడిగినాడు. కావండి, అందుకే రాసినా అన్నా. గైడు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పట్టా వచ్చింది. స్టాఫ్ రూములో ఎకనామిక్స్ ఆయన లేచి చెయ్యి కలిపి, "పేషెంటు బతికినాడు, డాక్టరుకే పీనుగ కళ వచ్చింది," అన్నాడు.

పిల్లలూ, మీరు ఇప్పుడు ఫోన్లో ఫారం పంపి, సాయంత్రానికల్లా జవాబులు లాక్కొని రంగురంగుల బొమ్మలు గీస్తున్నారు. గీయండి. తడుముకోకుండా వచ్చిన జవాబు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ఒకరి జవాబు ఇంకొకరి గడపలోకి మోసుకుపోయే ముందర ఇంకో నిమిషం ఆగండి.

ఒక చిన్న సంగతి మిగిలింది, ఇది మాత్రం సాగదీయలేదు. ఆ రోజు ఇంటికొచ్చి కాగితాలు లెక్కపెడితే డెబ్బై నాలుగు ఉండాల్సింది, డెబ్బై మూడే ఉన్నాయి. అరవై ఒకటో నంబరు లేదు. ఎవరిదో గుర్తు రాలేదు. అంత నవ్వుకున్నాడు కదా, పెద్దాయన గుర్తుగా ఒకటి ఉంచుకున్నాడని నాకు అర్థమైంది. పులివెందుల దిక్కున అంత పెద్ద మనిషి ఇంట్లో నా పరిశోధన కాగితం ఒకటి భద్రంగా ఉందని ఇన్నేళ్లూ లోలోపల గర్వంగానే ఉండినా.

ఇంతవరకు రాసి మా ఆమెకు చదవమని ఇచ్చినా. అద్దాలు పెట్టుకొని, పెదాలు కదలకుండా, పిల్లల కాంపోజిషన్లు దిద్దినట్టు చదివింది. చివరి పేజీ పక్కన పెట్టి అద్దాలు తీసింది.

"పెద్దాయన యాడ ఉంచుకున్న్యాడు? అరవై ఒకటి డ్రైవర్‌ది. ముందురోజు బడిలో ఆ పాప తెచ్చిచ్చింది. నువ్వు బస్సుకు పోయేముందర కట్ట విప్పి నేనే తీసి పొయ్యిలో పెట్టినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే అయ్యో నా డేటా అని ఏడ్చి, మళ్లా పోయి రాయిచ్చుకోని వచ్చింటావు. అందరూ అబద్ధం చెప్పినారని రాసినావే, అది కొట్టెయ్. ఆ మనిషి, చదువుకోసం అడిగినారు కదా అని నిజమే రాయిచ్చినాడు. గంట, దోవ, ఎంతమందో అన్నీ."

"ఏ రోజని రాయించినాడు?"

ఆమె నా కాగితాల పైన నేను పెట్టిన శీర్షిక మీద వేలు పెట్టింది.

"ఇదే. గురువారం."